రత్నం గారి రెండో పిస్టల్

మొన్నామధ్య ఒక సభ కోసం వేరే ఊరు వెళ్లి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే అక్కడి మ్యూజియంలోకి వెళ్లాను. ఆయుధాల గదిలో, అద్దాల బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంకర పెట్టి, కింది వరసలో ఉన్న ఒక పాత పిస్టల్ పక్కభాగం చూస్తున్నాను. కాపలా ఉన్నాయన కంగారుగా వచ్చి, "ఏమైనా పడిపోయిందా మేడమ్?" అన్నాడు. ఏమీ పడిపోలేదు. పిస్టల్ కింద చీటీ మీద ‘ఇంగ్లండ్’ అని రాసి ఉంది. స్క్రూల తలలు చూస్తే అది నిజమో కాదో తెలుస్తుందేమోనని చూస్తున్నాను. యాభై దగ్గరపడ్డ ఆడమనిషి చేయాల్సిన పని కాదని తెలుసు. అద్దం అడ్డం వచ్చి ఏమీ తేలలేదు కూడా. లేచి చీర దులుపుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. మా నాన్న పక్కన ఉండి ఉంటే ఆ కాపలాయనను మాటల్లో పెట్టి, బీరువా తాళం తీయించి ఉండేవాడు.

మా నాన్న మహబూబ్ తుపాకులు బాగుచేసే మేస్త్రీ. విజయవాడ వన్‌టౌన్‌లో కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టు గోడకి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఫ్రేము కట్టించి వేలాడదీసి ఉండేది. పొద్దున్నే నమాజు చేసుకుని, చాయ్ సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగి, అవిసె నూనె పట్టిన పాత లుంగీ కట్టుకుని కిందికి దిగేవాడు. ఆ నూనె వాసన, కిరసనాయిలు వాసన, ఆకురాయి కింద రాలే ఇనప రజను వాసన మెట్లమీదుగా పైకొచ్చి అమ్మీ వేయించే జీలకర్రతో కలిసిపోయేవి. మా దాదీకి, అంటే నాన్నమ్మకి, ఒకటే పట్టుదల: వంట చేసే ఇంట్లోకి ఆయుధం రాకూడదు. మెట్ల పైన గడప దగ్గర తమలపాకుల పెట్టెతో కూర్చుని, నాన్న చేతులు ఖాళీగా ఉన్నాయో లేవో చూసి గానీ లోపలికి రానిచ్చేది కాదు. శుక్రవారం పొద్దున ఖిచిడీ, దానిలోకి పుల్లటి ఖట్టా చేసినప్పుడు మాత్రం ఆమె దృష్టి గిన్నెల మీదకి పోయేది. ఆ రోజుల్లోనే నాన్న ఒక స్ప్రింగో, ఒక స్క్రూనో జేబులో వేసుకొచ్చి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసుకునేవాడు.

నేను ఆయన్ని ‘అబ్బా’ అని పిలిచేదాన్ని. కాలేజీలో స్నేహితులు పడీ పడీ నవ్వేవాళ్లు. "కాలికి దెబ్బ తగిలితే మేము అరిచేది, నువ్వు మీ నాన్నని పిలవడానికి వాడతావేంటే!" అనేవాళ్లు. నేను అప్పుడు డిగ్రీ రెండో ఏడు, తెలుగు సాహిత్యం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుకునే మా కుటుంబంలో తెలుగు చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అబ్బా తెలుగు మాట్లాడితే ఎవరూ వేలెత్తి చూపలేరు, కానీ చదువు మదర్సాలో ఉర్దూ వరకే. అందుకని కొట్టుకి సంబంధించిన అర్జీలు, రశీదులు, ఉత్తరాలు అన్నీ నా చేతి మీదుగానే పోయేవి.

ఎక్కువగా వచ్చేవి చెరుకు తోటల్లో అడవి పందుల్ని బెదిరించే రైతుల తుపాకులు, బ్యాంకు కాపలావాళ్ల తుపాకులు. ఎప్పుడో ఏడాదికి ఒకటో రెండో, పాత ఇళ్లలోంచి చెకుముకి రాతి పిస్టళ్లు వచ్చేవి. మీట నొక్కితే చెకుముకి రాయి వెళ్లి ఉక్కు పలకకి గీసుకుని, నిప్పురవ్వ రాలి, మందు అంటుకునే రకం. రాయిని పట్టుకుని ఉండే కొక్కేన్ని అబ్బా ‘ఘోడా’ అనేవాడు. అలాంటిది వచ్చిన రోజు మిగతా పనంతా పక్కకి పోయేది. వయసులో ఉండగా హైదరాబాదులో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ఉస్తాదు పిస్టల్‌ని శిష్యుల చేతిలో పెట్టి, ‘ఇది ఏ ఊరి బిడ్డ?’ అని అడిగేవాడట. తుర్కీ పిస్టల్‌కి పిడి నిండా వెండి పనితనం ఉంటుంది, మందు కూరే కడ్డీని మాత్రం మనిషి విడిగా నడుముకి కట్టుకుంటాడు. స్కాట్లండ్ దానికి చెక్కే ఉండదు, నిలువెల్లా లోహం. లండన్ దానికి గొట్టం అడుగున పరీక్ష చేసిన ముద్రలుంటాయి. ఇవన్నీ అబ్బా అన్నం తింటూ, వేళ్లతో గాలిలో గీసి చూపిస్తూ చెప్పేవాడు. అమ్మీ ‘ముందు ముద్ద తినండి’ అనేది.

ఒక ఎన్నికల సమయంలో రత్నం గారు వచ్చారు. ఉయ్యూరు అవతల ఒక ఊళ్లో చెరుకు రైతు. అరవై దాటినా నిటారుగా ఉండే మనిషి. ఆయన తుపాకీకి ఏటా నూనె పెట్టేది మా అబ్బానే. ఆ రోజు తుపాకీ లేదు. చంకలో తువ్వాలు చుట్టిన చెక్కపెట్టె ఉంది. బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకుని వచ్చారట.

"మేస్త్రీ గారూ, నా నోరే నన్ను ముంచిందండి," అన్నారు కూర్చుంటూనే. ఎన్నికలకి ముందు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. ఈయన తుపాకీ ఇచ్చి వస్తుంటే కొత్తగా వచ్చిన ఎస్సై, ‘ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?’ అని మామూలుగా అడిగాడు. ఈయన మామూలుగానే, మా ముత్తాత నాటి జంట పిస్టళ్లున్నాయండీ, ఎవరో దొర బహుమతిగా ఇచ్చినవి, అనేశారు. ఎస్సై కలం కింద పెట్టాడు. ఏ కాగితంలోనూ లేని పిస్టళ్లు. తుపాకుల మేస్త్రీ దగ్గర ఎక్కడివో, ఎప్పటివో, పేలతాయో లేదో రాయించుకు రమ్మన్నాడు. పాత విదేశీ వస్తువులైతే ఇబ్బంది లేదు. నాటువైతే మాత్రం కేసు రాయక తప్పదన్నాడు.

"లండన్‌వే కదండీ, పైన రాసే ఉంది. మీరు ఒక ముక్క రాసి సంతకం పెడితే చాలు," అన్నారు రత్నం గారు.

అబ్బా పెట్టె తెరిచాడు. ఎర్ర మఖమల్ గుడ్డ పూర్తిగా వెలిసిపోయి ఉంది. రెండు పిస్టళ్లు ఎదురెదురుగా పడుకుని ఉన్నాయి, ఒకదానికొకటి అచ్చు. అబ్బా ఒకటి కుడి చేతిలోకి, ఒకటి ఎడమ చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత చేతులు మార్చాడు. "ఇది కొంచెం బరువు," అన్నాడు ఎడమ చేతిది చూపిస్తూ. నేను మెట్లమీద కూర్చుని చదువుకుంటున్నదాన్ని లేచి వచ్చాను. గొట్టం మీద ఇంగ్లిషులో చెక్కిన ఊరి పేరు చదవమన్నాడు. మొదటిదాని మీద లండన్ అని శుభ్రంగా ఉంది. రెండోదాని మీద కూడా అదే పేరు, అదే పొందిక. చివరి ‘ఎన్’ అక్షరం మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

"అబ్బా, ఇది రాసినాయనకి ఇంగ్లిషు రాదు," అన్నాను.

ఆ మాటకి అబ్బా ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తెల్ల గుడ్డ పరిచి, రెండు పిస్టళ్ల స్క్రూలూ ఒక్కొక్కటే విప్పి వరసగా పేర్చాడు. ఆయన అలా పేర్చినప్పుడు కొట్టులో ఎవరూ తుమ్మకూడదు. భూతద్దంలో నాకు చూపించాడు. మొదటి పిస్టల్ స్క్రూల చుట్లు ఒకే దూరంలో ఉన్నాయి. రెండోదానివి ఒక చుట్టు దగ్గరగా, ఒక చుట్టు దూరంగా ఉన్నాయి. ఆకురాయితో, చేత్తో కోసినవి. రెండోదాని చెక్క పిడి లోపలివైపు గోటితో గీకి వాసన చూశాడు. నాకూ చూపించాడు. తియ్యటి, మసాలా లాంటి వాసన.

"ఇది దొరలు వాడే అక్రోటు చెక్క కాదు. జిట్టేగి. మన మంచాల కోళ్లు చేస్తారే, అదే," అన్నాడు. "రత్నం గారూ, ఒకటి లండన్‌ది. రెండోది దాన్ని ఎదురుగా పెట్టుకుని ఇక్కడ చేసింది. జంటలో ఒకటి ఎక్కడో పోయుంటుంది. మీ పెద్దాయన దానికి తోడు చేయించుకున్నారు. ఏం చేశాడండీ! నూట యాభై ఏళ్ల పైనే అయుంటుంది, ఘోడా ఇంకా ఎలా కదులుతుందో చూడండి!"

రత్నం గారు చూడలేదు. ముఖం వాడిపోయింది. "నాటుదంటారా?" అన్నారు మెల్లిగా. "మేస్త్రీ గారూ, నేను ఇన్నేళ్లూ చుట్టాలందరికీ జంట లండన్‌వని చెప్పుకున్నానండి. అది పోనీండి. నాటుదని రాస్తే నన్ను స్టేషన్‌లో కూర్చోబెడతారు. ఈ వయసులో నాకా మర్యాద కావాలంటారా? రెండూ లండన్‌వని రాయండి. ఎవరు చూడొచ్చారు?"

అబ్బా విప్పిన స్క్రూలన్నీ గుడ్డలో మూట కట్టాడు. పెట్టె ఇక్కడ ఉంచండి, ఎల్లుండి రండి, అన్నాడు. రత్నం గారు చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. మా కొట్టుకి వచ్చి చాయ్ తాగకుండా వెళ్లిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంట్లో అదే చర్చ. అమ్మీకి భయం పట్టుకుంది. కొట్టు లైసెన్సు ఆ ఏడే మళ్లీ రాయించుకోవాలి. "పైన లండన్ అని ఉంది. మీరు ఉన్నదే రాశారవుతుంది. అందులో అబద్ధమేముంది? పెద్దాయన హాయిగా ఉంటాడు, మనమూ హాయిగా ఉంటాం," అంది. దాదీ కూడా అమ్మీ వైపే మాట్లాడింది. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం మా ఇంట్లో అరుదు. అబ్బా అన్నం కలుపుతూ, "రేపు ఇంకో మేస్త్రీ ఎవడో దాన్ని విప్పుతాడు. నేను రాసిన కాగితం చూస్తాడు. మహబూబ్‌కి ఇంత కూడా తెలియలేదా అనుకుంటాడు," అన్నాడు. ఆయన బాధ అదొక్కటే అనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "అంత పని చేసినవాడి పేరు ఎలాగూ లేదు. ఊరైనా ఉండొద్దా?" అన్నాడు.

మర్నాడు పొద్దున మేడ మీద ఎండలో కూర్చున్నాం. దాదీ కంట పడకుండా రెండు పిస్టళ్ల పక్క పలకల్ని, లోపలి ముక్కల్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. రెండోదాని లోపలివైపు పాత జిడ్డు కిరసనాయిలుతో తుడుస్తుంటే సన్నటి గీతలు బయటపడ్డాయి. ఒక్కో ముక్క మీదా ఒక్కో మెలిక. మొదటి పిస్టల్ ముక్కల మీద చిన్న చిన్న గాట్లున్నాయి, ఒకటి, రెండు, మూడు. ఏ ముక్క దేనికి అతకాలో గుర్తు కోసం లండన్ వాళ్లు అలా పెట్టుకుంటారట. "వీటి మీద గాట్లు లేవు. ఆకురాయి జారిన గీతలేమో," అన్నాడు అబ్బా. నేను పలకని ఎండకి ఏటవాలుగా తిప్పాను. ఆ మెలికలు నాకు తెలుసు. కాలేజీ లైబ్రరీలో, ముట్టుకుంటే పొడి రాలే పాత పుస్తకాల పేజీల మీద రోజూ చూసేవే.

"అబ్బా, ఇవి అంకెలు. తెలుగు అంకెలు. ఇది ౧, ఇది ౨, ఇదిగో ౩," అన్నాను. పెద్ద స్ప్రింగు కూర్చునే చోట, గోరంత అక్షరం, ‘పై’ అని ఉంది. కన్నడ అంకెలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయని తర్వాతెప్పుడో తెలిసింది. కానీ ఆ ‘పై’ మనదే. స్ప్రింగుని తిరగేసి బిగించకుండా తనకోసం తాను రాసుకున్న మాట. బయట లండన్ అని రాయమంటే రాశాడు. లోపల, ఎవరూ చూడనిచోట, తన లెక్క తన భాషలో పెట్టుకున్నాడు.

అబ్బా ఆ ‘పై’ మీద వేలు పెట్టి, "ఇంకోసారి చదువు," అన్నాడు. చదివాను. "ఇంకోసారి." మూడుసార్లు చదివించుకున్నాడు.

ఇక రాయడం. నేను సాహిత్యం చదువుతున్న పిల్లని కాబట్టి మొదటి ప్రతిలో ‘అజ్ఞాత శిల్పి’, ‘కళాఖండం’ లాంటి మాటలు పోశాను. అబ్బా విని, "వాళ్లు అడిగింది పిస్టల్ గురించి బేటా," అన్నాడు. కొట్టేశాను. రెండో ప్రతిలో ‘నాటు’ అన్న మాట దగ్గర ఆగిపోయాం. అబద్ధం కాదు, కానీ కాగితం మీదకెక్కితే రత్నం గారు చిక్కుల్లో పడతారు. "నాటుకోడి అంటే అందరికీ నోరూరుతుంది. నాటు పిస్టల్ అంటే సంకెళ్లు. ఏం భాషమ్మా మీది!" అన్నాడు అబ్బా. ఆ సాయంత్రానికి నాలుగో ప్రతి కుదిరింది. దాదాపు ఇలా ఉండేది: ‘రెండవ పిస్టల్ ఈ ప్రాంతంలో, తెలుగు తెలిసిన పనివాడు, మొదటి పిస్టల్‌ను నమూనాగా పెట్టుకుని చేసినది. స్క్రూలు చేతితో కోసినవి. చెక్క జిట్టేగి. లోపలి ముక్కలపై తెలుగు అంకెలు ఉన్నాయి. పనితనాన్ని బట్టి ఇది చెకుముకి పిస్టళ్లు వాడుకలో ఉన్న కాలానిది. ఇప్పుడు దొంగచాటుగా చేస్తున్న ఆయుధాలతో దీనికి సంబంధం లేదు.’ కింద అబ్బా ఉర్దూలో సంతకం పెట్టాడు. తర్వాత నేను చాలా రాశాను, అచ్చయ్యాయి కూడా. కానీ ఒక్కో మాటా బరువు చూసి పెట్టడం అంటే ఏమిటో ఆ కాగితం దగ్గరే నేర్చుకున్నాను.

మర్నాడు రత్నం గారు వచ్చి విన్నారు. "సరే, పదండి. కానీ అక్కడ చెప్పాల్సింది మీరే," అన్నారు. చదివి వినిపించడానికి నన్నూ రమ్మన్నాడు అబ్బా. ముగ్గురం బస్సెక్కాం. కంకిపాడు దాటాక కాలవ మీంచి చల్లగాలి తగిలింది. ఉయ్యూరు దగ్గరపడేసరికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్ తీపి వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. రత్నం గారు దారిపొడుగునా పెట్టె మీద చెయ్యి వేసుకుని బయటికే చూస్తూ కూర్చున్నారు. నాకు భయంగానే ఉంది. అబ్బా మాత్రం కండక్టరుతో కబుర్లు చెబుతున్నాడు.

ఎస్సై కుర్రవాడే. కాగితం రెండుసార్లు చదివాడు. "అంటే దేశవాళీదేగా?" అన్నాడు.

"అవునండి. ఇక్కడిదే," అన్నాడు అబ్బా. రత్నం గారు కళ్లు మూసుకున్నారు. "కానీ ఇది మీరు పట్టుకునే రకం కాదండి. దొంగతనంగా చేసేవాడు ముక్కలకి అంకెలు వేసుకోడు. మళ్లీ విప్పి, తుడిచి, బిగించేవాడే అంకెలు వేసుకుంటాడు. ఒక్కసారి చూడండి," అంటూ బల్ల మీద గుడ్డ పరిచి, పలక విప్పి, భూతద్దం ఇచ్చాడు.

ఎస్సై చూశాడు. "నాకీ అంకెలు రావండీ," అని ఒప్పుకున్నాడు. వెనక నిలబడ్డ ముసలి హెడ్‌కానిస్టేబుల్ ముందుకి వంగాడు. "మూడు సార్. ఇది నాలుగు. మా నాన్న పంచాంగం వీటితోనే చూసేవాడండి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీకెలా తెలుసమ్మా?" అని అడిగాడు. పుస్తకాల్లో చూశానన్నాను. ఎవరో స్టూలు తెచ్చి వేశారు. కాసేపట్లో స్టేషన్‌లో ఉన్న నలుగురూ ఆ బల్ల చుట్టూ చేరారు. తిరగబడిన ‘ఎన్’ చూసి ఒకాయన, "మా అబ్బాయీ ఇలాగే రాస్తాడండీ," అని నవ్వాడు.

ఎస్సై ఆ కాగితానికి తన కాగితం జతచేసి పై అధికారికి పంపాడు. మందు అంటుకునే రంధ్రాలు రెండింటికీ మూయించమన్నాడు. అబ్బా సీసం పోసి మూసేశాడు. నెల తిరక్కుండానే పెట్టె రత్నం గారికి తిరిగొచ్చింది. కేసు లేదు. కొట్టు లైసెన్సు కూడా మామూలుగానే వచ్చింది. అమ్మీ ఆ రోజు సేమ్యా చేసింది. రెండూ లండన్‌వని రాయమన్నది తనేనని ఎవరూ గుర్తు చేయలేదు. కానీ రత్నం గారు మాత్రం ఆ ఏడంతా రాలేదు. తుపాకీకి నూనె పెట్టించడానికి పాలేరు చేత పంపారు. ఆయన గొప్పని మేము తీసేసుకున్నట్టు నాకనిపించేది. అబ్బాకి కూడా అనిపించి ఉంటుంది. ఆ వేసవిలో నన్ను కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ముందు కొట్ల బోర్డులు, తర్వాత బస్సుల మీది ఊర్లు, ఆ తర్వాత పేపరు, పెద్దగా, వీధంతా వినేలా చదివేవాడు.

ఇప్పుడా కొట్టులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అద్దె బాగానే వస్తోందని మా తమ్ముడు చెబుతాడు. చెరుకు తోటలకి కరెంటు కంచెలు, బ్యాంకులకి కెమెరాలు వచ్చాక తుపాకుల పని దానంతటదే తగ్గిపోయింది. అబ్బా దానికి దిగులు పడలేదు, నేను ఇప్పుడు పడేదేముంది. పాత వస్తువు ఫొటో తీసి పెడితే ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో నిమిషంలో పేరు, ఊరు చెప్పేస్తున్నారు. నేనూ ఆ సౌకర్యం వాడుకుంటాను. అయితే ఆ రోజుల్లో ఒక సంగతి తేలాలంటే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, వాసన చూడాలి, ఇంట్లోవాళ్లతో పోట్లాడాలి, బస్సెక్కాలి. తేలిన తర్వాత అది మనదైపోయేది. ఇప్పుడు నాకు చాలా తెలుసు, కానీ అందులో అలా నాదైపోయింది తక్కువ.

రత్నం గారు మళ్లీ వచ్చింది చాలా ఏళ్లకి, అబ్బా కొట్టు కట్టేశాక. దాదీ అప్పటికి పోయింది. నేను సెలవులకి పుట్టింటికి వచ్చి ఉన్నాను. చేతికర్ర సాయంతో మెట్లెక్కి వచ్చి, గంపెడు బెల్లం దింపించి, అమ్మీ ఇచ్చిన చాయ్ ఆఖరి చుక్క వరకు తాగారు.

"అన్నదమ్ములం పంచుకున్నామండి మేస్త్రీ గారూ," అన్నారు. "పెట్టె దగ్గరికొచ్చేసరికి తమ్ముణ్ణే ముందు కోరుకోమన్నాను. వాడు లండన్‌ది తీసుకున్నాడు. తీసుకుంటాడని నాకు తెలుసండి. మనది నాకు మిగిలింది." ఆ ‘మనది’ అన్న మాట ఆయన నోట విని నేను అబ్బా వంక చూశాను. అబ్బా నేల వంక చూస్తున్నాడు.

"ఒక సంగతి అడుగుదామనే వచ్చానండి," అన్నారు రత్నం గారు. "ఆ చేసినాయన పేరు తెలుసుకునే దారేమైనా ఉందా?"

"లేదండి. అంతా వెతికాను. ఆ అంకెలు తప్ప ఏమీ లేవు," అన్నాడు అబ్బా.

"పోనీలెండి. దసరాకి పనిముట్లన్నీ పూజలో పెడతాం కదండీ. నాగలి, కొడవళ్లు, మోటారు, అన్నిటి పక్కనా దాన్నీ పెడతాను. బొట్టు పెట్టేటప్పుడు చేసినాయన్ని ఒకసారి తల్చుకోవాలనిపిస్తుంది. పేరు తెలీదాయె. అందుకని ‘మేస్త్రీ గారూ’ అనుకుని దణ్ణం పెట్టుకుంటున్నానండి."

అబ్బా లేచి, రత్నం గారి ఖాళీ కప్పు తనే తీసుకుని, ఇంకో చాయ్ కోసం లోపలికి వెళ్లాడు. ఇంట్లో ఆయన అంతకుముందెన్నడూ కప్పు తీసినవాడు కాదు.